కొత్తపేట ఆసుపత్రిలో క్రిస్మస్

గుంటూరులో డిసెంబరు వచ్చిందంటే మా వీధిలో సాయంత్రాలు ఖాళీగా ఉండవు. మేడల మీద స్టార్లు, రాత్రి పదకొండింటికి గేటు దగ్గర క్యారల్స్ వాళ్లు, ఇంటింటా అరిసెల పాకం వాసన. పోయినేడు వీటికి తోడు మాకు ఇంకో సంబరం కూడా ఉంది. మా మేడ మీద పోర్షన్‌లో అద్దెకుంటున్న అమెరికా దంపతులకి ఇండియాలో అది మొదటి క్రిస్మస్. అంకుల్‌కి 74, ఆంటీకి 71. మిన్నెసోటాలో ఆయన పాస్టరుగా, ఆవిడ స్కూల్లో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. బైబిలు పాఠశాలలో పాఠాలు చెప్పడానికి రెండేళ్లకని ఇక్కడికి వచ్చారు. పిల్లలు, మనవలు అందరూ అక్కడే. పండగపూట ఇల్లు గుర్తొచ్చి వాళ్లు బెంగపడకూడదని మా అత్తయ్యకీ నాకూ ఒకటే తపన. సరుగుడు కొమ్మ ఎవరు తెస్తారు, కేకు ఎక్కడ చేయించాలి, ఆంటీకి ఏ రంగు చీర బాగుంటుంది, అన్నీ ముందే మాట్లాడుకున్నాం.

అంకుల్‌కి ఈ ఊరి పేరు చిన్నప్పటి నుంచీ తెలుసట. 1842 జూలై 31న అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు వచ్చిన సంగతి మా లూథరన్ సంఘాల్లో పిల్లలకి కూడా తెలుసు. అదే కథ అంకుల్ అక్కడి సండే స్కూల్లో విన్నారు. హయ్యర్ గారు ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేసి స్వదేశం వెళ్లిపోయాక, రాజమండ్రి మిషన్ చేజారిపోయేలా ఉందని తెలిసి, 1869లో, 76 ఏళ్ల వయసులో మళ్లీ ఓడెక్కారు. "అంటే నాకింకా రెండేళ్లు టైముంది" అనేవారు అంకుల్. ఆ అభిమానంతోనే డిసెంబరు మొదట్లో పాతకాలం మిషనరీల సమాధులు చూస్తానన్నారు. ముగ్గురం వెళ్లాం. వానలకి గడ్డి ఏపుగా పెరిగి రాళ్ల మీద పేర్లు కూడా కనబడలేదు. ఆంటీ, నేను కింద కూర్చుని గడ్డి పీకాం. కొన్ని చిన్నపిల్లల సమాధులు. నెలల పిల్లలు, రెండేళ్ల వాళ్లు. ఆంటీ వాటి దగ్గర నుంచి చాలాసేపు లేవలేదు.

ఆ తర్వాత పది రోజులకో ఏమో నాకు జ్వరం మొదలైంది.

మొదటి రోజే 103. కళ్ల వెనక నుంచి పొడుచుకొచ్చే తలనొప్పి. ఒళ్లంతా నలిగిపోయినట్టు నొప్పులు. దగ్గర్లోని క్లినిక్‌లో రక్తం తీసి, వైడాల్ పాజిటివ్ అని చెప్పి, టైఫాయిడ్‌కి ఇంజక్షన్లు మొదలుపెట్టారు. రోజూ వెళ్లి చేయించుకునేదాన్ని. పారాసెటమాల్ వేసుకున్న గంటసేపు తగ్గేది, మళ్లీ వణుకు. అన్నం సయించేది కాదు. కొన్నాళ్లకి పొడి దగ్గు పట్టుకుంది. మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది, తర్వాత బాత్రూం దాకా నడిచినా వచ్చేది. ఒక రాత్రి నేను ఏదేదో మాట్లాడుతున్నానని మా ఆయన భయపడి, తెల్లవారకముందే కొత్తపేటలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ కారు ప్రయాణం నాకు గుర్తులేదు.

ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. లివర్ రిపోర్టులు పెరిగిపోయాయి. ఆక్సిజన్ పెట్టారు. డెంగీ అనుకున్నారు గానీ పరీక్షలో కాదని తేలింది. అప్పుడు డ్యూటీలో ఉన్న ఒక చిన్న డాక్టరమ్మ, మా అబ్బాయి వయసే ఉంటుంది, నర్సుని పిలిచి తెర వేయించి నా ఒళ్లంతా వెతికింది. చంకలు, మెడ, చెవుల వెనక, తొడల మధ్య. చివరికి నడుం వెనకవైపు, లంగా బొందు బిగించుకునే చోట దొరికింది. సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రగా. నొప్పి లేదు, దురద లేదు. అది అక్కడ ఉందని నాకే తెలియదు.

"స్క్రబ్ టైఫస్ అయ్యుంటుందమ్మా" అంది ఆ అమ్మాయి. రక్తపరీక్షలో తర్వాత అదే తేలింది గానీ, రిపోర్టు కోసం ఆగకుండా ఆ మచ్చ చూసిన గంటలోనే మందు ఎక్కించారు. ఆ తొందరే నన్ను బతికించిందని ఇప్పటికీ నమ్ముతాను.

ఈ జబ్బు గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే మా బంధువుల్లో చదువుకున్నవాళ్లు కూడా ఈ పేరు వినలేదు. గడ్డిలో, పొదల్లో ఉండే మైట్ అనే సన్న పురుగు (మంచాల్లో ఉండే నల్లి కాదు) పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. అవి కంటికి సరిగ్గా ఆనవు. కుట్టిన వారం పది రోజులకి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, జ్వరం మొదలవుతుంది. మన దగ్గర వానలు ముగిసే రోజుల నుంచి చలికాలం దాకా ఎక్కువగా కనిపిస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. నల్లమచ్చ అందరికీ ఉండదు, ఉన్నా బట్టల కింద దాక్కుంటుంది. పేరులో టైఫస్ ఉన్నా టైఫాయిడ్‌కీ దీనికీ సంబంధం లేదు. టైఫాయిడ్‌కి మామూలుగా చేసే సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్ దీని మీద పనిచేయదు. వైడాల్ ఒక్కసారి పాజిటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ అని ఖాయం చేయకూడదని కూడా అప్పుడే తెలిసింది. దీనికి డాక్సీసైక్లిన్ ఉంది, చవకైన పాత మందు. ముందుగా గుర్తిస్తే మాత్రలతోనే పోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా వెళుతుంది. నా పరిస్థితి ముదిరింది కాబట్టి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ నరంలోకి ఇచ్చారు. తీవ్రంగా ఉన్నప్పుడు రెండూ కలిపి ఇస్తేనే మేలని వెల్లూరు సీఎంసీ డాక్టర్ల పరిశోధన 2023లో అచ్చయిందట. అంకుల్ ఆ పేపరు సంపాదించి మొత్తం చదివి, మా ఆయనకి కూడా చదివి వినిపించారు.

ఇంట్లో అత్తయ్యకి ఎనభై దాటాయి. మా అబ్బాయికి హైదరాబాద్‌లో సెలవు దొరకడానికి ఇంకా టైముంది. మా ఆయన పగలంతా ఆసుపత్రిలోనే ఉండేవారు. రాత్రులు ఎవరు? ఆంటీ సంచిలో దుప్పటి పెట్టుకుని వచ్చేసింది. ఆ వయసులో కుర్చీలో నిద్రేమిటని మా ఆయన ఎంత చెప్పినా వినలేదు. "గడ్డిలోకి నిన్ను తీసుకెళ్లింది మేమే" అని ఆవిడ మనసులో ఉంది. ఆ పురుగు ఏ దొడ్లోనైనా ఉండొచ్చని డాక్టరమ్మతో చెప్పించినా ఆ మాట మానలేదు. ఇంటి దగ్గర అంకుల్ మా అత్తయ్యకి తోడున్నారు. ఆయనకి వచ్చిన తెలుగు కొంచెం, ఆవిడకి ఇంగ్లీషు అసలు రాదు. అయినా పొద్దున్నే ఇద్దరూ కూర్చుని ఎవరి భాషలో వాళ్లు నా కోసం ప్రార్థన చేసేవాళ్లట. మా అత్తయ్య పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారు ఈ ఊళ్లో ఆడవాళ్ల కోసం మొదలుపెట్టిన వైద్యం అది. ఆవిడ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. "మీవాళ్లు మా అమ్మకి పురుడు పోశారు దొరగారూ, ఇప్పుడు నా కోడల్ని మీరు చూస్తున్నారు" అని అత్తయ్య చెప్తే, అర్థమైనంత వరకు అర్థం చేసుకుని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారని తర్వాత మా ఆయన చెప్పారు.

మందు పడిన రెండో రోజుకి జ్వరం దిగింది. పండగ ముందు రోజు రూముకి మార్చారు.

క్రిస్మస్ నాడు తెల్లవారుజామున ఆరాధనలో వాక్యం చదవాల్సింది అంకులే. తెలుగులో చదవాలని నెల రోజుల నుంచి సాధన చేశారు. ఆంటీకి ఆ చదువు వినాలని ఎంత ఆశో నాకు తెలుసు. మా ఆయన ఉంటానన్నా, ఆయన్నే గుడికి పంపించి తను నా దగ్గర ఉండిపోయింది. కొన్న చీర కట్టుకోనేలేదు. ఏడు గంటలప్పుడు ఆవిడ ఫోను మోగింది. ఇక్కడ 25 పొద్దున, అక్కడ ఇంకా 24 సాయంత్రం. వాళ్లింట్లో కానుకలు విప్పేది ఆ సాయంత్రమే. నాకు ఇబ్బంది కాకూడదని ఆంటీ వరండాలోకి వెళ్లింది గానీ తలుపు మూసుకోలేదు. పిల్లల అరుపులు, కాగితాలు చింపే చప్పుడు, ఎవరో పియానో వాయించడం. చిన్న మనవరాలు నానమ్మా ఎప్పుడొస్తావని ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగింది. ఆంటీ నవ్వుతూనే జవాబు చెప్పింది. ఫోను పెట్టేశాక గోడ వైపు తిరిగి నిలబడింది. తర్వాత ముఖం కడుక్కుని లోపలికొచ్చి, "ఇడ్లీ తింటావా?" అని తెలుగులో అడిగింది.

వాళ్లు పండగపూట బెంగపడకూడదని నేననుకున్నాను. ఆ బెంగ పిండివంటలతో, చీరతో తీరేది కాదని మంచం మీద పడుకుని ఆ గొంతులు విన్నప్పుడు తెలిసింది. అంత బెంగ పెట్టుకుని కూడా ఆవిడ నా దగ్గర కూర్చుంది. నా సొంత అక్కచెల్లెళ్లు ఆ వేళ ఎవరింట్లో వాళ్లు పండగ చేసుకుంటున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆవిడ రుణం వేరు.

ఇంటికి వచ్చాక నీరసం చాలా రోజులు వదల్లేదు. ఎడమ చెవి మందగించి, మెల్లగా బాగయింది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. లివర్ రిపోర్టులు మామూలుకి వచ్చేసరికి జనవరి చివరి వారం. స్కూలుకి వెళ్లినా మొదట్లో కుర్చీలో కూర్చునే పాఠాలు చెప్పాను. నోటికి ఏదీ సయించని రోజుల్లో ఆంటీ మా చపాతీ పెనం మీద లెఫ్సె చేసి పెట్టేది. మిన్నెసోటాలో నార్వే మూలాలున్న కుటుంబాలు క్రిస్మస్‌కి చేసుకునే బంగాళాదుంప రొట్టె అది. ఉడికించిన దుంప మెదిపి, వెన్న, మైదా కలిపి కాగితంలా ఒత్తి, కాల్చి, పైన వెన్న రాసి పంచదార చల్లుతారు. కారం, మసాలా ఏమీ లేని ఆ రొట్టెతోనే నాకు మళ్లీ ఆకలి పుట్టింది. అత్తయ్య కూడా రోజూ ఒకటి అడిగి తినేది.

వాళ్ల చెట్టుకి జనవరి 6 దాకా దీపాలు పెట్టే ఉంచారు, వాళ్ల పద్ధతిలో పండగ అప్పటిదాకా ఉంటుంది. ఆ రోజు మా హాల్లోనే అందరం భోజనం చేశాం. మా అబ్బాయి కోడి పలావు వండాడు. ఆంటీ ఆ చీర కట్టుకుంది. అంకుల్ గుడిలో చదివిన వాక్యాన్ని, లూకా రెండో అధ్యాయాన్ని, మా ఇద్దరి కోసం మళ్లీ తెలుగులో చదివారు. ఒత్తులు కొన్ని పోయాయి గానీ ఒక్క మాట కూడా వదల్లేదు.

ఈ డిసెంబరుకి వాళ్లబ్బాయి టిక్కెట్లు కొంటానన్నాడు. రెండేళ్లూ పూర్తయ్యేదాకా కదలకూడదని అంకుల్ పట్టుబట్టారు. నేను మేడ ఎక్కి ఆయనతో గట్టిగానే మాట్లాడాను. పాఠాలు నెల రోజులు ఆగితే మునిగిపోయేది లేదు, ఆ చిన్నపిల్లకి మాత్రం మళ్లీ ఆరేళ్లు రావు అన్నాను. ఆంటీ ఏమీ అనలేదు, ఆయన వైపే చూసింది. మర్నాడు టిక్కెట్లు తీసుకోమని కొడుక్కి ఫోను చేశారు. డిసెంబరు మధ్యలో ప్రయాణం. మనవరాలి కోసం అరిసెలు కావాలని అంకుల్ ఇప్పుడే చెప్పి పెట్టారు.