రికార్డింగులు విని రాసేవాళ్ల చేత ఏం రాయించాలి

రైతు ఆత్మహత్యల మీదో, గృహహింస మీదో పరిశోధన అంటే ఫీల్డుకు వెళ్లేవాళ్లే అందరికీ గుర్తొస్తారు. ఆ ఆడియో విని టైపు చేసేవాళ్లను ఎవరూ తలచుకోరు. గంట రికార్డింగుకు నాలుగు నుంచి ఆరు గంటల పని. ఏడుపులో మాట తెలియని చోట వెనక్కి జరుపుకుంటూ అదే ఏడుపు మళ్లీ మళ్లీ వినాలి.

ఆ బరువు కాస్త దించుకోవడానికి మేం వీళ్లను కూర్చోబెట్టి రాయిస్తాం. అలా రాయించేటప్పుడు మేం ససేమిరా సడలించని నియమం ఒకటుంది. ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ల కథ రాయకూడదు. వాళ్లు ఒప్పుకున్నది పరిశోధనకు మాత్రమే. పేరు మార్చినా పంట, అప్పు, పిల్లల వివరాలు కలిస్తే పక్క ఊరివాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. వింటున్న తమకు ఏమైందో, అదే రాయాలి.

ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. మొదట ఐదు నిమిషాలు ఇప్పుడు చెవిన పడుతున్నవి రాయిస్తాం: ఫ్యాను, వీధిలో ఆటో. తర్వాత పదిహేను నిమిషాలు అసలు రాత. 'పాజ్ నొక్కాక మీ చేతులు ఏం చేశాయి?' అని అడిగితే పెన్ను కదులుతుంది. 'మీకేమనిపించింది?' అంటే చాలామంది బిగుసుకుపోతారు. 'నేను' అని రాయలేనివాళ్లు 'ఆమె' అని రాసుకోవచ్చు. చివరి పది నిమిషాలు పప్పుచారు పెట్టే పద్ధతి లాంటిదేదైనా రాయిస్తాం, వరుసగా, పోపుతో సహా. ఇది మానేస్తే మనసు ఆ ఆడియోలోనే ఉండిపోతుంది.

మనస్తత్వశాస్త్ర పరిశోధకులు పెన్నెబేకర్, బీల్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు విద్యార్థులు తమ చేదు అనుభవాల గురించి వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. రాసిన వెంటనే దిగులు పెరగడం అందులోనే కనబడింది. అందుకే శనివారం సాయంత్రం రాయించి ఒంటరి గదికి పంపించేయకండి. పొద్దున పెట్టండి, తర్వాత అరగంట టీకి వదలండి.

మొదటి రోజే 'మిమ్మల్ని బాగా కలచివేసిన ఇంటర్వ్యూ' అని అడగడం పెద్ద పొరపాటు. పరిశోధనను నడిపించే గైడు గదిలో కూర్చోవడం ఇంకొకటి. జీతం, థీసిస్ ఆయన చేతిలో ఉండగా ఎవరూ నిజం రాయరు. 'ఎంత బాగా రాశారో' అని మెచ్చుకున్నా ముప్పే, మరుసటి వారం నుంచి మెప్పు కోసం రాస్తారు. చదివి వినిపించమని బలవంతం వద్దు. కాగితం రాసినవాళ్లదే. వాట్సాప్‌లో ఫొటోలు వద్దు.

నిద్ర పట్టకపోయినా, పని లేనప్పుడూ ఆ గొంతులే వినబడుతున్నా రాత ఆపి కౌన్సెలర్ దగ్గరికి పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పనిభారం తగ్గించకుండా రాత మాత్రం పెట్టించే సంస్థలకు మా సలహా: ముందు అలాంటి ఆడియోల పనిని ఒక్కరి మీదే వేయకుండా టైపు చేసేవాళ్లందరికీ పంచండి, మధ్యలో మామూలు ఫైళ్లు ఇవ్వండి.