సీసీలో ఎవరిని పెట్టాను

ఇవాళ పదో తారీకు. ఎకౌంట్స్‌లో పనిచేసేవాళ్ళకి ఈ తేదీ అంటేనే టెన్షన్. రేపు 11, నెల అమ్మకాల లెక్క చూపే జీఎస్‌టీఆర్-1 వేయడానికి ఆఖరి రోజు. మాకు సరుకు అమ్మినవాళ్ళు అందులో మా బిల్లులు సరిగ్గా ఎక్కిస్తేనే 14న మా 2బిలో, అంటే మేం కొన్న బిల్లుల జాబితాలో, కనపడతాయి, అప్పుడే మేం కట్టిన పన్ను మాకు జమకొస్తుంది. అందుకని పొద్దున్న తొమ్మిదిన్నరకే ఆఫీసుకి వెళ్ళి, పోయిన నెల బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నాను.

గుంటూరు నుంచి వచ్చిన అట్టపెట్టెల బిల్లు దగ్గర ఆగిపోయాను. మా జీఎస్‌టీ నంబరు 37తో మొదలవ్వాలి, బిల్లు మీద 36 ఉంది. 37 ఆంధ్రప్రదేశ్, 36 తెలంగాణ. మా కంపెనీకి విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ రిజిస్ట్రేషన్ ఉంది. పెట్టెలు దిగింది విజయవాడలో, బిల్లు మాత్రం హైదరాబాద్ నంబరు మీద. దాంతో రాష్ట్రం లోపలి అమ్మకానికి వేసే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ పడాల్సిన చోట, వేరే రాష్ట్రానికి అమ్మితే వేసే ఐజీఎస్‌టీ మొత్తం పడింది. మూడు నెలల కిందట కూడా అచ్చం ఇలాగే జరిగింది.

ఒళ్ళు మండింది. వెంటనే మెయిల్ రాశాను, ఇంగ్లీషులో నాలుగు లైన్లు. ‘యాజ్ ఆల్రెడీ ఇన్ఫార్మ్‌డ్’ అని మొదలుపెట్టి, మధ్యలో ‘రిపీటెడ్ మిస్టేక్’ అని, చివర ‘ట్రీట్ దిస్ యాజ్ అర్జెంట్’ అని. సీసీలో వాళ్ళ ప్రొప్రయిటరు గారిని, మా మేనేజరు గారిని పెట్టి పంపేశాను. మొత్తం రెండు నిమిషాలు పట్టలేదు.

పావుగంటకి ఆ బిల్లులు రాసే ఆయన ఫోన్ చేశారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మూడేళ్ళుగా మాట్లాడుకోవడమే గానీ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మా పాప పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన రోజు గుర్తుపెట్టుకుని మరీ ఫోన్ చేసి మార్కులు అడిగారు. నేను ఎప్పుడు చేసినా “బాగున్నారా అండీ” అనే మొదలుపెడతాను.

“తప్పు నాదేనమ్మా. పాత బిల్లు కాపీ చేసి తేదీ మార్చాను, నంబరు చూసుకోలేదు. మధ్యాహ్నంలోగా కొత్తది పంపించేస్తా,” అన్నారు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల మిషను చప్పుడు వినపడుతోంది. “ఒక్క ముక్క ఫోన్లో చెప్తే అయిపోయేది కదమ్మా. మా సార్ కుర్రాళ్ళందరి ముందే చదివారు ఆ మెయిల్.”

“అయ్యో, అది కాదండీ,” అన్నానే గానీ ఏది కాదో చెప్పలేకపోయాను.

అన్నట్టే పన్నెండున్నరకి బిల్లు వచ్చింది. 37. పని అయిపోయింది. నాకు మాత్రం అన్నం సయించలేదు.

నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. తప్పు జరిగింది, రెండోసారి జరిగింది. కానీ అదే సంగతి ఫోన్లో అయితే “ఏమండీ, మళ్ళీ 36 పడిందండీ, కాస్త చూస్తారా” అనేదాన్ని. మన మాటల్లో మర్యాద చాలావరకు ఆ ‘అండీ’లో, ‘గారు’లో, ‘కాస్త’లోనే ఉంటుంది. ఇంగ్లీషు మెయిల్లోకి వెళ్ళేసరికి అవన్నీ రాలిపోయి ‘యూ’ ఒక్కటే మిగులుతుంది. పైన ‘డియర్ సర్’ అని పెట్టినంత మాత్రాన ఆ లోటు తీరదు. ‘యాజ్ ఆల్రెడీ ఇన్ఫార్మ్‌డ్’ అంటే ఏమిటి? ‘నీకు ఇదివరకే చెప్పాను కదా, చెవికెక్కలేదా’ అనే కదా. మా ఆఫీసులో అందరం రోజూ అది రాస్తాం. ఒక్కరం కూడా ఆ మాట మనిషి ఎదురుగా నోటితో అనం.

అంతకంటే నన్ను బాధపెట్టింది సీసీ. బిల్లు మార్చాల్సింది ఈయన. ప్రొప్రయిటరు గారికి దాంతో పనేమిటి? ఈయన భయపడాలని పెట్టాను. పంపేటప్పుడు ఆ సంగతి నాకు తెలుసు.

సాయంత్రం ఇంటికొచ్చాక నాన్నకి చెప్పాను. మండలాఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. “సీసీ అంటే మా కార్బన్ కాపీయే కదే,” అన్నారు. రెండు తెల్లకాగితాల మధ్య కార్బన్ పెట్టి, అంచులు కలిసేలా బల్ల మీద తట్టి, అప్పుడు మిషన్లోకి ఎక్కించేవారట. ఇంకో కాపీ కావాలంటే ఇంకో కార్బన్. సాయంత్రానికి వేళ్ళు నల్లగా అయిపోయేవి. ఉత్తరం అడుగున ‘నకలు: కలెక్టరు గారికి’ అని ఉంటే మాత్రం వాళ్ళ ఆఫీసరు వెంటనే సంతకం పెట్టకుండా ఒక పూట బల్ల మీదే ఉంచేవారట. నకలు పైకి వెళ్ళిందంటే ఫిర్యాదు కిందే లెక్క, కింద గుమాస్తాకి ఇంక్రిమెంటు ఆగినా ఆగొచ్చు. “చాలాసార్లు సాయంత్రం పిలిచి, ఆ లైను తీసేసి మళ్ళీ కొట్టుకురమ్మనేవారు,” అన్నారు నాన్న.

ఈలోగా ఇంకొకటి. అమ్మకి సోమవారం శుక్లాల ఆపరేషను అని డాలస్‌లో ఉన్న తమ్ముడికి వాట్సాప్‌లో వివరంగా రాశాను. ఏ డాక్టరు, ఎన్ని గంటలకి, ఎవరు తోడుంటారు, అన్నీ. వాడు ‘కె’ అని ఒక్క అక్షరం పంపాడు. “ఏమన్నాడే?” అని అమ్మ అడిగింది. “సరేనన్నాడు, రాత్రికి ఫోన్ చేస్తానన్నాడు,” అన్నాను. రెండోది నేను కలిపాను. వాడికి అమ్మంటే ప్రాణం, ఆఫీసుకి వెళ్ళే హడావిడిలో కొట్టుంటాడు. అయినా ఆ ఒక్క అక్షరాన్ని ఉన్నదున్నట్టు అమ్మకి చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు. వాడికి విడిగా మెసేజ్ పెట్టాను, రాత్రి తప్పకుండా చేయమని.

పాప పడుకున్నాక, ఈ మర్యాదల గురించి ఇంటర్నెట్ మొదట్లోనే ఎవరైనా ఏమైనా రాశారా అని వెతికాను. ఆర్‌ఎఫ్‌సి 1855 అని ఒక పత్రం దొరికింది. 1995 అక్టోబరుది, ఇంటెల్‌లో పనిచేసిన సాలీ హాంబ్రిడ్జ్ రాశారు. మన దేశంలో అప్పటి ప్రభుత్వ సంస్థ విఎస్‌ఎన్‌ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చి అప్పటికి రెండు నెలలే. ఆవేశంలో రాసిన జవాబుని ఒక రాత్రి ఆగి పంపమని అందులో ఉంది. నాన్న వాళ్ళ ఆఫీసరు ఎవరూ చెప్పకుండానే చేసిన పని. అన్నీ పెద్దక్షరాల్లో రాస్తే అరిచినట్టు ఉంటుందనీ ఉంది. మన లిపిలో పెద్దక్షరాలు లేవు. మనం అరవాలంటే ‘అండీ’ తీసేస్తే చాలు.

ఆయనకి ఫోన్ చేసి క్షమించమని అడుగుదామనుకున్నాను మొదట. కానీ పొద్దున్న మెయిల్ చూసింది ఆయనొక్కరే కాదు. అందుకని అదే మెయిల్‌కి కింద, ఈసారి తెలుగులో రాశాను: ‘నమస్కారం అండీ. సవరించిన బిల్లు ఇవాళ మధ్యాహ్నమే అందింది. గడువుకి ముందే పంపినందుకు కృతజ్ఞతలు. ఈ మూడేళ్ళలో మీ బిల్లుల్లో ఇబ్బంది వచ్చింది ఈ రెండుసార్లే. పొద్దున్న నేను రాసిన తీరు బాగాలేదు, క్షమించండి.’ సీసీలో అవే రెండు పేర్లు ఉంచాను.

పంపేముందు జీమెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, పంపిన మెయిల్‌ని వెనక్కి తీసుకునే గడువుని 5 సెకన్ల నుంచి 30కి మార్చాను. అంతకు మించి ఇవ్వదు. సెండ్ నొక్కాక కింద మూల ‘అన్‌డూ’ అని కనపడుతూనే ఉంది. అది పోయేదాకా చూస్తూ కూర్చున్నాను.

ఆయన రేపు పది దాటాక గానీ మెయిల్ చూడరు. వాళ్ళ సార్ మాత్రం ఈపాటికి చూసే ఉంటారు.