1, 2, 4 తప్పు. 0, 3, 5 ఒప్పు: ఒక సీరియల్ పోర్ట్ సంగతి

సీరియల్ పోర్ట్‌లో, అంటే డేటా ఒక్కో బిట్‌గా వచ్చే పోర్ట్‌లో, డేటా సరిగా రాకపోతే చాలామంది ముందుగా బాడ్ రేటు (డేటా పంపే వేగం) మీద పడతారు. 9600, 19200, 38400, 115200 ఒక్కొక్కటే పెట్టి చూస్తారు. ఈ పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ముందు తెర మీద ఏం కనిపిస్తోందో నింపాదిగా చూడాలి. ఏమీ రాకపోవడం వేరు, అంతా చెత్తగా రావడం వేరు, కొన్ని అక్షరాలే తప్పడం వేరు. ఒక్కోదానికి వెతకాల్సిన చోటు ఒక్కోటి.

పాత ల్యాబ్ పరికరాలను లైనక్స్ మెషీన్లకు కలిపి డేటా తీయడం నా పని. ఒకసారి ఒక ఎలక్ట్రానిక్ త్రాసు పంపే బరువుల్లో కొన్ని అంకెల బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయని పిలిచారు. అప్పటికే కేబుల్ మార్చి చూశారట. నేను వచ్చిన అంకెలన్నీ కాగితం మీద రాసుకున్నాను. 0, 3, 5, 6, 9 ఎప్పుడూ సరిగ్గానే ఉన్నాయి. 1, 2, 4, 7, 8 ఎప్పుడూ తప్పే. కేబుల్ పాడైతే తప్పులు ఇంత పద్ధతిగా రావు!

అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పద్ధతిలో 3 అంటే హెక్స్ 33. బైనరీలో రాస్తే అందులో నాలుగు ఒకట్లు ఉంటాయి. 1 అంటే హెక్స్ 31, అందులో మూడు ఒకట్లు. త్రాసు ఏడు బిట్లు, ఈవెన్ పారిటీతో పంపుతోంది, అంటే ఒకట్ల మొత్తం సరిసంఖ్య అయ్యేలా చివర ఇంకో బిట్ చేరుస్తోంది. మెషీనేమో ఎనిమిది బిట్లు, పారిటీ లేదు అనుకుని చదువుతోంది. ఒకట్లు బేసి సంఖ్యలో ఉన్న ప్రతి అంకెకూ త్రాసు పారిటీ బిట్‌ను 1 చేస్తుంది, మెషీన్ దాన్ని ఎనిమిదో డేటా బిట్‌గా తీసుకుంటుంది. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి రెండు వైపులా అక్షరానికి పది బిట్లే కాబట్టి ఫ్రేమింగ్ ఎర్రర్ (స్టాప్ బిట్ ఉండాల్సిన చోట కనబడలేదనే తప్పు) కూడా రాదు. పోర్ట్ సెట్టింగులు మార్చే ఎస్‌టీటీవై కమాండ్‌తో సీఎస్7 (ఏడు బిట్లు), పేరెన్‌బీ (పారిటీ) పెట్టి, పేర్ఆడ్ (బేసి పారిటీ) తీసేశాను. అంకెలన్నీ కుదురుకున్నాయి. అప్పటికే బాడ్ రేటు మార్చేసి ఉంటే ఈ జాడ దొరికేదే కాదు.

బాడ్ రేటే తప్పయితే సాధారణంగా ఫ్రేమింగ్ ఎర్రర్లు పెరుగుతాయి. మదర్‌బోర్డు మీది పోర్ట్ అయితే, ప్రాక్‌లో టీటీవై, డ్రైవర్ ఫోల్డర్ల కింద సీరియల్ అనే ఫైలును రూట్‌గా తెరవండి. ఎఫ్ఈ అంటే ఫ్రేమింగ్, పీఈ అంటే పారిటీ, ఓఈ అంటే వచ్చిన బైట్లను మెషీన్ సమయానికి తీసుకోలేకపోయింది అని. పోర్ట్ తెరిచి ఉన్నా ఆర్ఎక్స్ లెక్క (అందిన బైట్ల లెక్క) కదలడం లేదంటే బైట్లు అసలు లోపలికే రావడం లేదు. యూఎస్‌బీ అడాప్టర్లు ఈ ఫైల్లో కనిపించవు.

ఏమీ రానప్పుడు కేబుల్ తీసేసి, పోర్ట్‌లో 2, 3 పిన్నులను (డేటా అందుకునేది, పంపేది) చిన్న వైరుతో కలపండి. పోర్ట్‌తో మాట్లాడే ప్రోగ్రాం పికోకామ్‌లోనో మినీకామ్‌లోనో లోకల్ ఎకో (కొట్టిన అక్షరాన్ని ప్రోగ్రామే తెర మీద చూపడం), హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆపేసి టైప్ చేయండి. కొట్టిన అక్షరాలు తిరిగి వచ్చాయా, ఇక పోర్ట్, డ్రైవర్, పర్మిషన్ అన్నీ బాగున్నట్టే. మిగిలింది కేబుల్, అవతలి పరికరం. పంపే, అందుకునే వైర్లు అటూ ఇటూ మారే నల్ మోడెమ్ కేబుల్ కావాల్సిన చోట మామూలు కేబుల్ పెట్టడం తరచూ జరుగుతుంది. ఇంకొకటి, ఆర్ఎస్-232 (ఈ సీరియల్ పోర్ట్‌ల ప్రమాణం) లైను మీద ప్లస్ మైనస్ 15 వోల్టుల దాకా ఉండొచ్చు. 3.3 వోల్టుల బోర్డు పిన్నులకు దాన్ని నేరుగా కలిపితే బోర్డు పోతుంది. దయచేసి మధ్యలో లెవెల్ కన్వర్టర్ పెట్టండి.

పోర్ట్ తెరుచుకోకపోతే, ముందు పోర్ట్ వాడే అనుమతి ఉన్న గ్రూపులో మీరున్నారేమో చూడండి. డెబియన్‌లో డయలౌట్, ఆర్చ్‌లో యూయూసీపీ. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ రావాలి. తర్వాత ఫ్యూజర్ కమాండ్‌తో పోర్ట్ ఎవరి చేతిలో ఉందో చూడండి. మోడెమ్‌లను వెతికే మోడెమ్ మేనేజర్ అనే ప్రోగ్రాం కొన్నిసార్లు కొత్త పోర్ట్ కనబడగానే ఏటీ కమాండ్లు (మోడెమ్‌కిచ్చే ఆదేశాలు) పంపి చూస్తుంటుంది. ఆ అక్షరాలకు కొన్ని పరికరాలు తికమకపడతాయి.

ఉబుంటు 22.04లో సీహెచ్340 చిప్ ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ పెట్టగానే టీటీవైయూఎస్‌బీ0 అనే పోర్ట్ వచ్చి వెంటనే మాయమైతే, కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో బీఆర్ఎల్‌టీటీవై పేరు ఉందేమో వెతకండి. బ్రెయిల్ తెరల కోసం ఉన్న ప్రోగ్రాం అది. కొన్ని బ్రెయిల్ తెరల్లోనూ ఇదే చిప్ నంబరు, 1ఏ86:7523, ఉండడంతో అడాప్టర్‌ను అది తనదనుకుంటుంది. ప్యాకేజీ మొత్తం తీసేయమనే సలహా చాలామంది ఇస్తారు. ఆ మెషీన్ ముందు చూపులేని మనిషి కూర్చుంటే ఆ సలహా అన్యాయం. పరికరం పెట్టగానే ఏం చేయాలో చెప్పే యూడెవ్ నియమాల్లో ఆ నంబరు ఉన్న వరుస ఒక్కటి ఆపితే సరిపోతుంది, అదీ వాళ్ల తెరలో ఆ చిప్ లేదని అడిగి తెలుసుకున్నాకే.

లైనక్స్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీలో ఇంకో చిక్కు. టీటీవైయూ0 అనే పోర్ట్ తెరిస్తే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. అవతల మోడెమ్ కలిసిందని చెప్పే క్యారియర్ సిగ్నల్ వచ్చేదాకా అది ఎదురుచూస్తుంది, మూడు వైర్ల కేబుల్‌లో ఆ సిగ్నల్ వచ్చే దారే లేదు. మనమే అవతలి పరికరంతో మాట్లాడాలంటే తెరవాల్సింది సీయూఏయూ0.