ఆవగింజకన్నా చిన్న చుక్క

శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవని ఖమ్మంలో నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదనుకోండి. తెల్లవారుజామున బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగి, మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి, ఎండలో నడిచి వెళ్తే గేటు మూసి ఉంది. పాత తుపాకులు చూద్దామని నా సరదా. తీరింది.

సరే, ఫిరంగులు పోతపోసిన చోటైనా చూద్దామని గన్‌ఫౌండ్రీకి ఆటో మాట్లాడాను. నూట యాభై అన్నాడు, వంద దగ్గర తెగింది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో కట్టించిన కార్ఖానా అది. ఉర్దూలో తోప్ కా సాంచా. ఇప్పుడు మిగిలింది పాత ఇటుక గోడలే, ఐదు నిమిషాల్లో చూడ్డం అయిపోయింది. పొద్దున మెట్రోలో దాటొచ్చిన మూసారాంబాగ్ కూడా ఈయన పేరేనట. మస్యే (ఫ్రెంచిలో 'శ్రీ' లాంటిది) రేమండ్ అనలేక జనం మూసారాం చేసేశారు.

అసలు నేనొచ్చింది మా అక్క కూతురి కోసం. షూటర్ ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో పతకాలు తెచ్చినప్పుడు అమ్ములుకు పట్టుకుంది ఈ పిచ్చి. ఇక్కడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతూ ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. "ఆడపిల్లకు తుపాకీ ఏంట్రా, ఓసారి చూసిరా" అని అక్క ఒకటే గోల.

ఢాంఢాం మని మోగుతుందనుకుని తను నేర్చుకునే షూటింగ్ రేంజ్‌కి వెళ్లానా, హాల్లో క్యారమ్స్ ఆడుతున్నట్టు టప్ టప్ మని చప్పుడు, అంతే. పిల్లలు అట్టముక్కలా బిగుసుకుపోయే కోట్లు తొడుక్కుని బాతుల్లా నడుస్తున్నారు. పది మీటర్ల దూరంలో గురి. పది పాయింట్లిచ్చే చుక్క అర మిల్లీమీటరు. ఆవగింజ కూడా దానికన్నా పెద్దదే! పోటీలో గంటంబావులో అరవైసార్లు కాల్చాలి. గుండె కొట్టుకున్నా గొట్టం కదులుతుందట.

నన్నూ కాల్చమన్నారు. ఐదు పెల్లెట్లకు నూట యాభై! వేలి గోరంత లేని సీసం ముక్క ముప్పై రూపాయలు. నేను రైఫిల్ పట్టుకుని ఇటు తిరిగానో లేదో అమ్ములు గట్టిగా అరిచింది. "మామయ్యా, గొట్టం అటు!" మొదటిది కాగితానికే తగల్లేదు. ఐదోది మాత్రం ఎనిమిదిలో పడింది. దింపి చూసుకుంటే ఫోన్లో అక్కవి నాలుగు మిస్డ్ కాల్స్. జేబులో మోగుతున్నా నాకు వినపడనే లేదు.

పక్క బెంచీ మీద ఒక పెద్దాయన తన పాయింట్ టూటూ (0.22 అంగుళాల తూటా) రైఫిల్ తుడుచుకుంటున్నాడు. రిటైరయ్యి చాలా ఏళ్లయిందట. ఉండబట్టలేక అడిగాను, ఇది భయంతో కొన్నారా, పరువు కోసమా అని.

"భయంతోని కొన్నోడు బీరువాల పెట్టి మర్చిపోతడు బాబూ. ఐదేండ్లకోసారి లైసెన్స్ రెన్యువల్, ఎలక్షన్లొస్తే స్టేషన్ల జమ... పరువు కోసమైతే ఇంత తిప్పలు నేను పడ."

"మరెందుకండీ?"

"ఇగో, దీనికి" అని గుడ్డ మీద ఇంకో చుక్క నూనె వేసుకున్నాడు.

ఆ వాసన! మా తాతకు రెండు గొట్టాల తుపాకీ ఉండేది. మొక్కజొన్న చేలో అడవిపందుల కోసం తీసుకున్నదే గానీ నాకు తెలిసి రెండుసార్లు కాల్చాడు, రెండూ ఆకాశంలోకే. ఆదివారం పొద్దున్నే అరుగు మీద దాన్ని విప్పి, ఊచకు గుడ్డ చుట్టి, కుట్టుమిషన్ నూనెతో తుడిచేవాడు. నాయనమ్మ పిలిచినా పలికేవాడు కాదు. పిల్లలం పక్కన కూర్చోవచ్చు. కానీ ఖాళీదైనా సరే, గొట్టం మనిషి వైపు తిప్పితే వీపు మోగేది. ఎన్నికలప్పుడు స్టేషన్లో ఇచ్చేసి వస్తే ఫలితాలొచ్చేదాకా ఆదివారం ఏం చేయాలో తోచక వాకిట్లో తిరిగేవాడు. ఆయన పోయాక లైసెన్సు ఎవరూ తమ పేరిట అడగలేదు. నాన్న తుపాకీ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. ఆ నూనె డబ్బా మాత్రం చాన్నాళ్లు కిటికీలో ఉంది.

అక్కకు ఫోన్ చేశాను.

"ఏం చేస్తోందిరా అది?"

అమ్ములు అప్పుడే రైఫిల్ పెట్టె తెరిచి, ముందేసుకుని తుడుస్తోంది. ఎదురుగా నేనున్న సంగతే లేదు.

"తాత పని చేస్తోంది" అన్నాను.

అక్కకు అర్థం కాలేదు, తిట్టి పెట్టేసింది. తిరుగు బస్సులో సీటు దొరక్క సూర్యాపేట దాకా నిలబడే వచ్చాను.