అత్యాచారం కేసులో నిర్దోషికి శిక్ష ఎలా పడుతుంది

ఇబ్రహీంపట్నం హాస్టల్ కేసు మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "చూశారా, ఆడవాళ్లు పెట్టే దొంగ కేసులు ఇలా ఉంటాయి" అంటారు. ఆ కేసులో ఫిర్యాదు చేయడానికి ఆ అమ్మాయి బతికే లేదు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోని లేడీస్ హాస్టల్లో 2007 డిసెంబర్ 27న ఆమె అత్యాచారానికి, హత్యకు గురైంది. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ వైపు కుర్రాడిని తెచ్చి ఇతనే చేశాడన్నారు. ఇతను కాదని మొదటి నుంచీ గట్టిగా చెప్పింది కూతుర్ని పోగొట్టుకున్న ఆ తల్లే. అయినా 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు ఆ తీర్పును కొట్టేసి, అతనికి లక్ష రూపాయలు ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి.

తప్పుడు ఫిర్యాదు, తప్పు మనిషిని పట్టుకోవడం, సాక్ష్యం చాలక కేసు వీగిపోవడం ఒకటి కాదు. కేసు కొట్టేశారు కాబట్టి ఆమె అబద్ధం చెప్పిందని ఎవరైనా అంటే నమ్మకండి. కోర్టు సాధారణంగా చెప్పేది సందేహానికి తావు లేకుండా నేరం రుజువు కాలేదని మాత్రమే. జాతీయ నేర గణాంకాల్లో ఏటా కనిపించే విషయం ఇంకొకటి ఉంది: నమోదైన అత్యాచారం కేసుల్లో 95 శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. అంటే చాలా కేసుల్లో మనిషి ఎవరన్నది సమస్య కాదు. సమ్మతి ఉందా లేదా, సంఘటన జరిగిందా లేదా, అమ్మాయి వయసెంత అన్న వాటి దగ్గరే గొడవ. మనిషి ఎవరో తెలియని కేసుల్లో మాత్రం ఊరంతా రోడ్డెక్కుతుంది, పై నుంచి ఒత్తిడి వస్తుంది, ఎవరో ఒకరిని చూపించాల్సి వస్తుంది. తప్పు మనిషి ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే.

ఇలాంటి కేసుల్లో మొదట పుట్టే కాగితం నేర అంగీకార పంచనామా. మన దగ్గర దీన్ని మధ్యవర్తుల రిపోర్టు అంటారు. తరచుగా వీఆర్వోలే మధ్యవర్తులు. ముద్దాయి నేరం ఒప్పుకున్నాడని అందులో రెండు పేజీలు ఉంటుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. పాత ఎవిడెన్స్ చట్టంలో ఇది 25, 26 సెక్షన్లు, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23. మినహాయింపు ఒక్కటే: అతను చెప్పిన మాట వల్ల కొత్తగా ఒక వస్తువు బయటపడితే, ఆ వస్తువుకు సంబంధించిన ముక్క మాత్రం చెల్లుతుంది. ఈ గీత గీసింది మన గుంటూరు జిల్లా నుంచి లండన్‌లోని అప్పటి అత్యున్నత న్యాయస్థానం ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు. ఇన్నేళ్లయినా దేశమంతటా కోర్టులు దాన్నే ఉదహరిస్తాయి. కాబట్టి డిఫెన్స్ లాయరు అడగాల్సింది 'ఒప్పుకున్నాడా' అని కాదు. ఆ వస్తువు పోలీసులకు ముందే తెలుసా, అది అందరూ తిరిగే చోట దొరికిందా, మధ్యవర్తి నిజంగా అక్కడికి వెళ్లాడా లేక స్టేషన్లోనే సంతకం పెట్టాడా అని. 2024 జూలై 1 నుంచి సోదాను, వస్తువుల స్వాధీనాన్ని వీడియో తీయడం తప్పనిసరి. ఆ వీడియో కాపీ అడగండి. లేదంటే ఎందుకు లేదో దర్యాప్తు అధికారిని క్రాస్‌లో (ఎదుటి పక్షం లాయరు ప్రశ్నించేటప్పుడు) చెప్పనివ్వండి.

మనిషిని పోలీసులు తీసుకెళ్లిన రోజు ఒకటి, అరెస్టు చూపించిన రోజు ఇంకొకటి అయితే, ఆ మధ్య గడిచిన రోజుల్లోనే ఒప్పుకోలు పుడుతుంది. అందుకే ఇంటివాళ్లు మొదటి గంటలోనే చేయాల్సిన పని ఉంది. ఎవరు తీసుకెళ్లారు, ఎన్ని గంటలకు, ఏ బండిలో అన్నది రాసి ఎస్పీకి లేదా కమిషనర్‌కు, దగ్గరి మేజిస్ట్రేట్‌కు ఈమెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపాలి. రేపు కోర్టులో పనికొచ్చేది ఆ ఈమెయిల్ సమయం, పోస్టాఫీసు రసీదు. మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచినప్పుడు కొట్టారా అని అడుగుతారు. కొడితే అక్కడే చెప్పాలి. భయంతో లేదనేస్తే రిమాండ్ రిపోర్టులో అదే ఉండిపోతుంది, తర్వాత ఏం చెప్పినా కల్పించుకున్నట్టే కనిపిస్తుంది. తెల్ల కాగితం మీద సంతకం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు.

గురుగ్రామ్ పాఠశాలలో జరిగిన పిల్లవాడి హత్య కేసులో 2017లో బస్సు కండక్టర్ ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు, టీవీల్లో చూపించారు. సీబీఐ వచ్చి చూస్తే అతనికి సంబంధమే లేదు. 2018 ఫిబ్రవరిలో కోర్టు అతన్ని కేసు నుంచి తప్పించింది. మన షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో 2019 డిసెంబర్ 6న దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోతే పూలు చల్లినవాళ్లున్నారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. ఆ నలుగురి మీద ఉన్న సాక్ష్యం గట్టిదో కాదో ఏ కోర్టూ పరీక్షించే అవకాశం ఇక లేదు. ఇది నాకు మింగుడుపడని విషయం.

గుర్తింపు దగ్గర జరిగే నష్టానికి మహారాష్ట్ర కేసు ఒకటి చూడాలి. అక్కడ 2003లో ఒక కుటుంబం మీద దాడి, హత్యలు, అత్యాచారం. సంచార జాతికి చెందిన ఆరుగురిని పట్టుకున్నారు. 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరి వేసింది. పదేళ్ల తర్వాత, 2019 మార్చిలో, అదే సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులని వదిలేసింది. కారణం ఫైల్లోనే ఉంది: దాడిలో బతికిన మహిళ పోలీసుల ఫొటో ఆల్బంలో వేరే నలుగురిని గుర్తుపట్టింది. ఆ నలుగురి జోలికి పోలీసులు పోలేదు. అంటే ఆమె అబద్ధం చెప్పలేదు, ఆమె మాట పోలీసులు వినలేదు.

గుర్తింపు పరేడ్ మేజిస్ట్రేట్ ఆధ్వర్యంలో, సాధారణంగా జైల్లో జరుగుతుంది. నిందితుడిని పోలికలో, వయసులో దగ్గరగా ఉన్న మరికొందరి మధ్య నిలబెడతారు. అది పనికిరాకుండా పోయేది ఎక్కువగా ముందే: ముసుగు లేకుండా కోర్టుకు తీసుకెళ్లడం, ప్రెస్‌మీట్లో నిలబెట్టడం, ఫొటో వాట్సాప్‌లో తిరగడం. ఇవి జరిగితే పరేడ్‌కు ముందే, రిమాండ్ సమయంలోనే, మేజిస్ట్రేట్‌కు రాతపూర్వకంగా చెప్పి పేపర్ క్లిప్పింగు తేదీతో సహా జతచేయాలి. పరేడ్ అయ్యాక చెబితే అంత బరువుండదు.

డీఎన్‌ఏ మీద జనానికి నమ్మకం ఎక్కువ. శాస్త్రం గట్టిదే. కానీ ల్యాబుకు చేరేలోపు దారిలో చెడిపోయే అవకాశాలు చాలా ఉన్నాయి. స్వాబ్‌లను (శరీరం నుంచి దూదితో తీసిన నమూనాలను) గాలికి ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టాలి. తడిగా ప్లాస్టిక్‌లో మూసేస్తే బూజు పట్టి నమూనా పోతుంది. ముద్దాయి రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో తీసి చల్లగా ఉంచాలి, లేదా నమూనాను నిలవ ఉంచే ఎఫ్‌టీఏ కార్డు మీద తీసుకోవాలి. ప్రతి ప్యాకెట్‌కు సీలు, సీలు నమూనా, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రిజిస్టరులో ఎంట్రీ ఉండాలి. ఢిల్లీ ఛావ్లా అత్యాచారం, హత్య కేసులో ఉరిశిక్ష పడ్డ ముగ్గురిని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు వదిలేసింది. 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో తీసిన నమూనాలు 27 దాకా స్టేషన్ మాల్‌ఖానాలో (స్వాధీనం చేసుకున్న వస్తువుల గదిలో) ఉన్నాయి. ఈలోపు వాటిని ఎవరూ ముట్టుకోలేదని రుజువు లేదు. ఫలితం ఏ పద్ధతిలో వచ్చిందో కింది కోర్టులు అడగనే లేదు. ఆ తీర్పు చెప్పిన ఇంకో సంగతి, 49 మంది సాక్షుల్లో పదిమంది ముఖ్యులను అసలు క్రాసే చేయలేదని. అక్కడ నేరం చేసినవాళ్లకు శిక్ష పడాలని కోరుకున్న తల్లిదండ్రులకు కూడా ఇది తీరని అన్యాయం. కానీ దాని మూలం దర్యాప్తులో ఉంది.

కాబట్టి ల్యాబు రిపోర్టు చివరి పేజీ ఒక్కటి చూసి ఆగొద్దు. ఏ ప్యాకెట్ ఏ తేదీన ఎవరు అందజేశారు, సీలు సరిపోయిందా, ఎలక్ట్రోఫెరోగ్రాం (పరీక్ష ఫలితపు గ్రాఫు) ఎక్కడ, ఎన్ని లోకస్‌లు (డీఎన్‌ఏలో పోల్చి చూసే చోట్లు) కలిశాయి, ఒకరికి మించిన వాళ్ల డీఎన్‌ఏ కలిసిందా అన్నవి అడగండి. నిర్దోషి అయిన ముద్దాయి పరీక్షను తప్పించుకోకూడదు, తానే కోరాలి. అయితే దాని హద్దు కూడా తెలిసి ఉండాలి. డీఎన్‌ఏ కలిస్తే కలయిక జరిగిందని తెలుస్తుంది గానీ సమ్మతి ఉందో లేదో తెలియదు. కలవకపోయినంత మాత్రాన నేరం జరగలేదని కాదు. లైంగిక సామర్థ్య పరీక్ష మాత్రం దాదాపు ఏమీ చెప్పని కాగితం.

తెలిసినవాళ్ల మధ్య కేసుల్లో పరిస్థితి వేరు. పెళ్లి చేసుకుంటానని మోసం చేశాడన్న ఆరోపణ మీద ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 69వ సెక్షన్ ఉంది, పదేళ్ల దాకా శిక్ష. మొదటి నుంచే పెళ్లి ఉద్దేశం లేకుండా మాట ఇచ్చాడా, లేక ఉద్దేశం ఉండి తర్వాత కుదరలేదా అన్న తేడాను సుప్రీంకోర్టు 2019లో ప్రమోద్ సూర్యభాన్ పవార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ తేడా తేల్చేది చాట్లే. ఇక్కడ భయపడి ఫోన్ రీసెట్ చేసేవాళ్లు తమ సాక్ష్యాన్ని తామే చంపుకుంటారు, పైగా ఆధారాలు చెరిపేశాడన్న నింద అదనం. ఫోన్ అలాగే ఉంచండి. స్క్రీన్‌షాట్లు చాలవు. సాక్ష్య అధినియమ్ 63 కింద సర్టిఫికెట్, హ్యాష్ విలువతో (ఫైలును మార్చలేదని చూపే సంఖ్యతో) సహా కావాలి.

ఆ సమయంలో వేరే చోట ఉన్నానని చెప్పేవాళ్లు ఆ మాటను మొదటి వారంలోనే రికార్డులోకి ఎక్కించాలి. దాన్ని నిరూపించే భారం ముద్దాయిదే. సీసీటీవీ చాలా చోట్ల 15 నుంచి 30 రోజుల్లో చెరిగిపోతుంది, కాబట్టి షాపు యజమానికీ పోలీసులకూ భద్రపరచమని వెంటనే లేఖ ఇచ్చి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 94 కింద కోర్టులో పిటిషన్ వేయాలి. కాల్ రికార్డులు కంపెనీలు రెండేళ్లు ఉంచాలి గానీ విచారణ అంతకంటే ఎక్కువ కాలం నడుస్తుంది. టవర్ లొకేషన్, యూపీఐ చెల్లింపు, ఫాస్టాగ్, బయోమెట్రిక్ హాజరు, ఆర్టీసీ టికెట్ మీది సమయం అన్నీ అప్పుడే సేకరించాలి.

పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సోలో సగం యుద్ధం వయసు మీదే. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ వరుస ఇది: బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువీకరణ, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. టీసీలో రాసిన తేదీ ఒక్కటే చాలదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మన పల్లెల్లో బడిలో చేర్చేటప్పుడు టీచరు ఉజ్జాయింపుగా వేసిన తేదీలు ఎన్నో. అందుకే అడ్మిషన్ రిజిస్టరు తెప్పించి, ఆ తేదీ ఎవరు చెప్పారో హెడ్‌మాస్టరును అడగాలి. ఆధార్ తేదీ వయసుకు రుజువు కాదు. ఈ చట్టంలో 29వ సెక్షన్ నేరం జరిగిందనే ఊహతో మొదలవుతుంది, కానీ మూల విషయాలను ముందు ప్రాసిక్యూషనే చూపించాలి. పిల్లను లాయరు నేరుగా ప్రశ్నించడానికి వీల్లేదు, ప్రశ్నలు జడ్జి ద్వారానే వెళతాయి. ముందే చిన్న చిన్న మాటల్లో రాసిపెట్టుకోవాలి.

పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఫిర్యాదిదారు ఇంటికి వెళ్లడం అన్నిటికంటే చెడ్డ పని. ఎంత మర్యాదగా మాట్లాడినా అది బెదిరింపు కిందకే వస్తుంది, బెయిల్ పోతుంది. ఆమె పేరు బయటపెడితే అదే ఇంకో నేరం, బీఎన్‌ఎస్ 72. ఆమె నడవడి మీద బురద చల్లే ప్రశ్నలను చట్టం ఒప్పుకోదు, జడ్జి నమ్మకం కూడా పోతుంది. క్రాస్‌లో పని చేసేది ఒక్కటే: పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో, మేజిస్ట్రేట్ ముందు ఇచ్చినదాంట్లో, కోర్టులో చెప్పినదాంట్లో ముఖ్యమైన తేడాలు. ఆ తేడాను సాక్షికి చూపించి, తర్వాత దర్యాప్తు అధికారితో రుజువు చేయించాలి. సాక్షిని అడగకుండా వదిలేసిన అంశం వాదనల్లో పనికిరాదు.

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జైల్లో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయసాయం హక్కు, 15100కి ఫోన్ చేయవచ్చు. ఉరి కాని శిక్ష పడితే హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు వేయాలి. వేసి ఊరుకోవద్దు. ఉత్తరప్రదేశ్ లలిత్‌పూర్ అత్యాచారం కేసులో 2000లో అరెస్టయి 2003లో శిక్ష పడ్డ మనిషి అప్పీలు కాగితాల్లో లోపాలు సరిచేయక ఏళ్ల తరబడి అలహాబాద్‌లో పడి ఉంది. భూతగాదా ఉందని, వైద్య నివేదిక ఆరోపణకు సరిపోలేదని ఫైల్లోనే ఉంది. ఇరవై ఏళ్లు జైల్లో ఉన్నాక 2021లో విడుదలయ్యాడు. అప్పీలు నంబరు పడిందా, లోపాలు తొలగాయా, పేపర్ బుక్ (జడ్జీల కోసం కూర్చిన కేసు కాగితాల పుస్తకం) తయారైందా అన్నది ఇంటివాళ్లు మూడు నెలలకోసారి చూసుకోవాలి. వస్తువులను, రికార్డును అప్పీలు ముగిసేదాకా నాశనం చేయొద్దని విడిగా పిటిషన్ వేయడం మంచిది. ఇబ్రహీంపట్నం కేసులో మళ్లీ దర్యాప్తుకు సీబీఐ వచ్చేసరికి సాక్ష్య వస్తువులు కోర్టులోనే ధ్వంసమైపోయి ఉన్నాయి. 2019 డిసెంబర్‌లో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేయాల్సి వచ్చింది.

ఫిర్యాదు నిజంగా అబద్ధమని తేలితే బీఎన్‌ఎస్ 248 ఉంది, తీవ్రమైన నేరం మోపితే పదేళ్ల దాకా శిక్ష. దానికి కేసు కొట్టేయడం ఒక్కటే చాలదు, తెలిసి అబద్ధం చెప్పిందని విడిగా రుజువు కావాలి. పోక్సోలో తప్పుడు ఫిర్యాదుకు 22వ సెక్షన్ ఉన్నా, పిల్లలకు అది వర్తించదు.

పోయిన ఏళ్లకు పరిహారం ఇచ్చే చట్టం మన దేశంలో లేదు. 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో అలాంటి చట్టం కావాలంది. ఇప్పుడున్న బీఎన్‌ఎస్‌ఎస్ 399 కింద కారణం లేని అరెస్టుకు దక్కేది గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. పైన చెప్పిన మహారాష్ట్ర కేసులో ఒక్కొక్కరికి ఐదు లక్షలు వచ్చింది నిర్దోషిత్వం తేల్చిన అదే తీర్పులో. కాబట్టి అప్పీలు వాదనల్లోనే, దర్యాప్తు అధికారి చేసిన తప్పులను ఒక్కొక్కటిగా చూపించి, పరిహారాన్నీ ఆ అధికారుల మీద చర్యనూ రాతపూర్వకంగా కోరాలి. విడిగా రిట్ వేస్తే మళ్లీ మొదటి నుంచి కొన్నేళ్లు పడుతుంది.