పూజారి లేని వేళ వినుకొండలో

దళిత కవి గుర్రం జాషువా పుట్టిన ఊరు చూడాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉన్నా, దానికోసమే ఒక రోజు కేటాయించి బయలుదేరింది మాత్రం మొన్న ఫిబ్రవరిలోనే. సంచిలో ఒక మంచినీళ్ల సీసా, అట్ట ఊడిపోయిన ఆయన ‘గబ్బిలం’ కావ్యం ప్రతి తప్ప మరేమీ పెట్టుకోలేదు. ఆయన 1971 జూలై 24న కన్నుమూసింది గుంటూరులో కాబట్టి అక్కడే పొద్దున రైలెక్కాను. 1895 సెప్టెంబరు 28న ఆయన కళ్లు తెరిచిన వినుకొండకు, ఆ విధంగా ఆయన జీవితాన్ని చివరి నుంచి మొదటికి తిరగేసుకుంటూ వెళ్లినట్లయింది.

ఫిరంగిపురం దాటేసరికి దారికి రెండు పక్కలా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు కనిపించాయి. కిటికీలోంచి వచ్చే ఘాటుకు పెట్టెలో సగం మంది తుమ్ముతున్నారు. నాకు చోటు దొరకలేదు. తలుపు దగ్గర నిలబడిన నన్ను చూసి, ఒడిలో సంచీ పెట్టుకున్న ఒక పెద్దాయన “ఏ ఊరు బాబూ?” అన్నారు. చెప్పాను. “ఇంటిపేరేంటి?” అన్నారు. మా ప్రాంతంలో కులమేమిటని ఎవరూ మొహం మీద అడగరు; ఇంటిపేరు అడిగి, ఊరిపేరుతో కలిపి, మిగిలింది మనసులోనే లెక్క కట్టుకుంటారు. నేను చెప్పిన ఇంటిపేరు ఆయన లెక్కలో బాగానే కుదిరినట్లుంది, “అయితే మనోళ్లేగా, కూర్చో” అంటూ పక్కకు జరిగారు. నేను కూర్చున్నాను. జాషువా ఊరికి వెళుతూ ఏ అర్హత మీద ఆ చోటు సంపాదించానో ఆ క్షణంలో నాకు తట్టలేదన్న సంగతి కూడా ఇక్కడ రాయడం న్యాయం.

పెద్దాయనకు నాటకాల పిచ్చి. తెల్లవార్లూ చూసిన ‘హరిశ్చంద్ర’ ప్రదర్శనల గురించి చెబుతూ చెబుతూ, కాటిసీను దగ్గరికి వచ్చేసరికి ఆగలేక, కళ్లు మూసుకుని ‘ఇచ్చోటనే’ ఎత్తుకున్నారు. వయసుకు గొంతు వణికినా రాగం తప్పలేదు. వేరుశనగకాయలు అమ్ముకునే కుర్రవాడు బుట్ట పట్టుకుని పద్యం అయ్యేదాకా అక్కడే నిలబడిపోయాడు. ఆ పద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోవి కావనీ, జాషువా ‘శ్మశానవాటి’ ఖండికలోంచి నటులు రంగస్థలం మీదికి తెచ్చుకున్నవనీ నేను చెప్పాను. “ఆయన రాసినయ్యా ఇయ్యి?” అని కొంచెంసేపు కిటికీలోంచి బయటికి చూశారు. “కవి మాత్రం గొప్పోడేలే” అన్నారు. ఆ తర్వాత మాట మిర్చి ధర మీదికి మళ్లింది. నరసరావుపేటలో ఆయన దిగిపోయేదాకా మళ్లీ పద్యం ఎత్తలేదు.

జాషువా పద్యం ఒకటి తెలుగువాళ్లలో చాలామందికి నోటికి వస్తుంది. తన కవితను ఎగాదిగా చూసి భళీ భళీ అని మెచ్చుకున్నవాడే, మీదే కులమని అడిగి, జవాబు విని చివాలున లేచి వెళ్లిపోతే బాకుతో పొడిచినట్లుంటుందనీ, చెప్పుకోవడానికే సిగ్గవుతుందనీ అందులో ఒక రాజుతో మొరపెట్టుకుంటాడు. నా తోటి ప్రయాణికుడు చివాలున లేవలేదు. పాట ఆపాడు, అంతే.

వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. పేరుకు స్థలపురాణం ఒకటి చెబుతారు: సీతను రావణుడు ఎత్తుకుపోయిన వార్తను రాముడు జటాయువు నోట విన్నది ఈ కొండ మీదేనట. నేను ఊళ్లో కాసేపు ఊరికే తిరిగాను. వీరయ్య, లింగమ్మ దంపతుల కొడుకు ఈ వీధుల్లో ఏ వైపు నడవగలిగాడో, ఏ వైపు నడవలేకపోయాడో ఇప్పటి దుకాణాలను చూసి పోల్చుకోవడం సాధ్యం కాదు. ఆయనకు మేఘదూతం, రఘువంశం, కుమారసంభవం పాఠం చెప్పినవారు జూపూడి హనుమచ్ఛాస్త్రి. ఈ ఊళ్లోనే ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఇతణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని గొడవ చేసినవారూ ఉన్నారు. మరోవైపు, క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ సంబంధమైన రచనలు చేస్తున్నాడని చర్చి పెద్దలు కుటుంబంతో సహా వెలివేశారు. అటు గుడి, ఇటు చర్చి కాదన్న ఆ మనిషి చివరికి తనను తాను విశ్వనరుడనని చెప్పుకున్నాడు.

నాకు మాత్రం ఆయన జీవితంలో అన్నిటికన్నా వింతగా తోచేది రాజమండ్రి ఘట్టం. మిషన్ బడిలో మూడు రూపాయల జీతపు ఉద్యోగం పోయాక, 1915–16 ప్రాంతంలో, సినిమాకు ఇంకా మాట రాని రోజుల్లో, తెర మీది బొమ్మలకు తగ్గట్టు కథా సంభాషణలూ పక్కనుంచి చదివి వినిపించే పని చేశాడు. జనం చూసేది బొమ్మను. గొంతు చీకట్లో ఉన్న మనిషిది. కాటిసీను పద్యాలకు పట్టిన గతీ అదే కదా అని పెద్దాయన గుర్తుకొచ్చారు. తర్వాతి కాలంలో కవి చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి స్వయంగా ఆయన పాదానికి గండపెండేరం, అంటే కవికిచ్చే గౌరవపు కడియం, తొడిగారు. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, 1970లో పద్మభూషణ్ వచ్చింది. బిరుదుల జాబితా ఇంకా పొడుగు, దాన్ని వదిలేస్తాను.

ఊళ్లో ఆలస్యం చేసినందువల్ల కొండ ఎక్కేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. చెప్పులు విడిస్తే కాలు పెట్టలేనంతగా కాలుతున్నాయి మెట్లు. మధ్యలో ఒక బండ నీడన కూర్చుని ‘గబ్బిలం’ తెరిచాను. 1941లో వచ్చిన ఈ కావ్యానికి చట్రం కాళిదాసు మేఘదూతానిదే, కానీ లోపల అంతా తలకిందులు. యక్షుడిది యజమాని శాపం, ఏడాది గడిస్తే తీరిపోతుంది. తంజావూరులోని ఈ అరుంధతీసుతుడికి, అంటే అంటరాని కులంవాడికి, పుట్టుకే శిక్ష, గడువు లేదు. యక్షుడు భార్యకు కబురు పెడితే ఇతడు కాశీ మీదుగా కైలాసంలో ఉన్న శివుడికి పెడతాడు. దూతగా మేఘం కాక, ఇంట్లోకి వస్తే అశుభమని జనం తరిమే గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. ఆ ఎంపికలో కవి కోపం ఎంత ఉందో, ఎకసెక్కెం అంతే ఉంది: మనిషిని ఆపే గుమ్మం దాన్ని ఆపలేదు. గుళ్లో నువ్వు వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేని సమయం చూసి నా కథ చెప్పు అని అతడు బతిమాలతాడు.

పైకి వెళ్లేసరికి రామలింగేశ్వరుడి గుడి తలుపులు వేసి ఉన్నాయి. గొళ్లేనికి ఎవరో రాసిన పసుపు ఎండి పెచ్చులు లేస్తోంది. తలుపు సందు దగ్గర మొహం పెడితే చల్లటి గాలి, దాంతోపాటు పాత గుళ్లన్నిటిలోనూ ఉండే ఆ పుల్లటి ఘాటు వాసన. గడప పక్కన రాతి మీద నల్లటి గింజల్లాంటి రెట్టలు. మెట్ల మీద కొబ్బరికాయలు ముందు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ నన్ను చూసి, “పంతులుగారు నాలుగింటికి గానీ రారు నాయనా, నీడకి కూర్చో” అంది. ఇంటిపేరు అడగలేదు.

గడియారం చూసుకున్నాను, రెండున్నర. గోడకు చేరగిలబడి కావ్యం మొదటి పద్యం నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ముసలమ్మ వింటుందని గ్రహించాక, కాసేపటికి, పైకే చదవసాగాను. తలుపు అవతల కిచకిచమంటూ ఏవో ఒకటి రెండుసార్లు చోటు మార్చుకున్నాయి.