విండోస్ మళ్లీ వేశాక మాయమైన ఉబుంటు మెనూ: నా అనుభవం

విండోస్, ఉబుంటు (లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) రెండూ ఉన్న నా ల్యాప్‌టాప్‌కి గుంటూరులో ఒక షాపులో విండోస్ మళ్లీ వేయించాను. ఇంటికొచ్చి ఆన్ చేస్తే, రెండిట్లో ఏది తెరవాలో అడిగే గ్రబ్ మెనూ లేదు, నేరుగా విండోసే. ఉబుంటు పోయిందనుకుని మొత్తం మళ్లీ వేసుకునేవాళ్లు చాలామంది. ఆ అవసరం లేదు.

ముందు ఎఫ్12 నొక్కి బూట్ మెనూ చూడాలి (కొన్ని కంపెనీల్లో ఎఫ్9, ఎస్కేప్). అక్కడ ‘ఉబుంటు’ అన్న పేరుంటే పోయింది వరస మాత్రమే. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) దాన్ని పైకి జరిపితే పని అయిపోతుంది. నాకు విండోస్ బూట్ మేనేజర్ ఒక్కటే కనిపించింది. షాపువాళ్లు సీ డ్రైవ్‌తో పాటు, లోడర్లు (సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాములు) ఉండే చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ కూడా చెరిపేశారు. విండోస్ సెటప్ 100 ఎంబీతో కొత్తది చేసుకుని అందులో తన లోడర్ ఒక్కటే పెట్టుకుంది. ఉబుంటు ఉన్న ఎక్స్‌టీ4 (లైనక్స్ ఫైల్ సిస్టమ్) పార్టిషన్ జోలికి ఎవరూ పోలేదు.

ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేలా) బూట్ చేశాను. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే ‘యూఈఎఫ్‌ఐ’ అని ఉన్నదే ఎంచుకోవాలి. లేకపోతే తర్వాత గ్రబ్-ఇన్‌స్టాల్ దగ్గర ‘ఈఎఫ్‌ఐ వేరియబుల్స్ సపోర్ట్ లేదు’ అనే అర్థంలో ఎర్రర్ వస్తుంది. ఛార్జర్ పెట్టి ఉన్నా బ్యాటరీ నిండుగా ఉండటం మంచిది. మే నెల మధ్యాహ్నం మా ఊరి కరెంటుని నమ్మి ఇలాంటి పని మొదలుపెట్టను.

టెర్మినల్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొడితే ఏ పార్టిషన్ ఏమిటో తెలుస్తుంది. నా దాంట్లో ఎక్స్‌టీ4 ఐదోది, ఫ్యాట్32, అంటే ఈఎఫ్‌ఐ పార్టిషన్, ఒకటోది. ఐదోదాన్ని ఎంఎన్‌టీ ఫోల్డర్‌లో మౌంట్ చేసి (అంటే దానికి తగిలించి), ఒకటోదాన్ని దాని లోపలి బూట్/ఈఎఫ్‌ఐ ఫోల్డర్ మీద మౌంట్ చేశాను. వరస తిరగబడకూడదు. తర్వాత లైవ్ సిస్టమ్‌లోని డెవ్, ప్రాక్, సిస్, రన్ ఫోల్డర్లు నాలుగూ ఎంఎన్‌టీ లోపల కూడా కనిపించేలా బైండ్ మౌంట్. సిస్ కింద ఉండే ఈఎఫ్‌ఐవార్స్‌ని విడిగా బైండ్ చేయడం మర్చిపోయినా పైన చెప్పిన ఎర్రరే వస్తుంది. ఇక సీహెచ్‌రూట్‌తో డిస్క్‌లోని ఉబుంటు లోపలికి వెళ్లి గ్రబ్-ఇన్‌స్టాల్ (లోడర్ పెట్టడానికి), అప్‌డేట్-గ్రబ్ (మెనూ తయారు చేయడానికి).

చాలామంది ఇక్కడితో ఆపి రీస్టార్ట్ చేస్తారు. మెనూ వస్తుంది, ఉబుంటు ఎంచుకుంటే 90 సెకన్లు ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది. ఎందుకంటే ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు మౌంట్ చేయాల్సిన పార్టిషన్ల జాబితాలో) ఇంకా పాత ఈఎఫ్‌ఐ పార్టిషన్ యూయూఐడీయే (గుర్తింపు సంఖ్యే) ఉంటుంది, అదేమో ఇప్పుడు లేదు. సీహెచ్‌రూట్‌లో ఉన్నప్పుడే బీఎల్‌కేఐడీతో కొత్తది చూసి మార్చాలి. ఫ్యాట్ పార్టిషన్‌కి అది నాలుగక్షరాలు, అడ్డగీత, మళ్లీ నాలుగు. పొడవాటి పార్ట్‌యూయూఐడీని పొరపాటున అతికించొద్దు.

ఇంకొకటి. గ్రబ్ 2.06 నుంచి ఓఎస్-ప్రోబర్ (డిస్క్‌లో వేరే సిస్టమ్‌లను వెతికేది) ఆపేసి వస్తోంది కాబట్టి, మెనూలో ఉబుంటు వచ్చి విండోస్ పోవచ్చు. ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్‌లో ‘గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్’ లైనుకి ఫాల్స్ అని పెట్టి మళ్లీ అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి. ఆ లైను మొత్తం పెద్దక్షరాల్లో, పదాల మధ్య అండర్‌స్కోర్‌తో ఉంటుంది.

విండోస్ వైపు రెండు పనులు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) ఉంటే బూట్ వరస ముట్టుకోకముందే 48 అంకెల రికవరీ కీ రాసుకోవాలి, గ్రబ్ దారిలో వెళ్తే అడగవచ్చు. ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి. అది ఉంటే షట్‌డౌన్ సగం నిద్రే, ఉబుంటులో సీ డ్రైవ్‌లోకి రాయనివ్వదు.

ఉబుంటు నుంచి విండోస్‌కి మారితే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. లైనక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చూస్తుంది, విండోస్ మన టైమ్‌గా చూస్తుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని కొట్టాను. తర్వాత టైమ్‌డేట్‌సీటీఎల్ చూసినప్పుడల్లా హెచ్చరిక వస్తుంది. అందులో చెప్పే ఇబ్బంది ఎక్కువగా వేసవిలో గంట మార్చుకునే దేశాలది, మనకి ఆ గొడవ లేదు.